సీలు సరిగ్గా లేదని ఉరిశిక్ష పడినవాణ్ని వదిలేస్తారా?

ఉప్పుగాలి:
పొద్దున ఆర్కే బీచ్ నడకలో మొదలైన వాదన ఇది. 2012లో ఢిల్లీ ఛావ్లాలో పంతొమ్మిదేళ్ల అమ్మాయిని ఎత్తుకెళ్లి చంపిన కేసులో ముగ్గురికి ఉరిశిక్ష పడింది. 2014లో హైకోర్టు ఖాయం చేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ముగ్గురినీ వదిలేసింది. డీఎన్ఏ సరిపోయిందని నివేదిక ఉంది. అయినా నమూనాలు పదకొండు రోజులు పోలీస్ స్టేషన్‌లోనే ఉన్నాయట, నమ్మలేమన్నారు. నేను ఇద్దరు ఆడపిల్లల తండ్రిని. ఇదేమి న్యాయమో ఎవరైనా చెప్పండి.

ల్యాబ్‌కోటు:
ముప్పై ఏళ్లు రక్తపరీక్షలు చేసినవాణ్ని. మరకను నీడలో ఆరబెట్టి కాగితం కవరులో పెడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. మన ఊరి ఉక్కలో తడిగుడ్డను ప్లాస్టిక్ కవరులో కుక్కితే బూజు పడుతుంది, డీఎన్ఏ ముక్కలవుతుంది. అప్పుడు ఫలితం రాదు. అంతేగాని రామారావు రక్తం చెడిపోయి సుబ్బారావు రక్తం అయిపోదు. పదకొండు రోజులన్నది లెక్కలోకి వచ్చే విషయమే కాదు.

తాటిచెట్లపాలెం:
కోర్టులెందుకు? పట్టుకున్నచోటే తేల్చేయాలి.

పాత పోస్టాఫీసు:
చెడిపోయిందని ఎవరన్నారండీ? నిందితుల నుంచి తీసిన నమూనాలు, ఘటనాస్థలంలో దొరికినవి అన్నీ ఒకే స్టేషన్ ప్రాపర్టీ రూములో, అంటే స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే గదిలో ఉన్నాయి. ఎవరైనా వేలు పెట్టి ఉండవచ్చన్నదే కోర్టు అనుమానం. పైగా ఆ నివేదిక ఏ ఆధారంతో తయారైందో కింది కోర్టూ చూడలేదు, హైకోర్టూ చూడలేదు. వకీలునే అయినా డీఎన్ఏకు నేను వ్యతిరేకిని కాను. అమెరికాలో ఒక హత్య కేసులో కిర్క్ బ్లడ్స్‌వర్త్ అనే అతన్ని చూశామని అయిదుగురు సాక్ష్యం చెబితే మరణశిక్ష వేశారు. 1993లో డీఎన్ఏ పరీక్షే అతన్ని బయటికి తెచ్చింది.

ల్యాబ్‌కోటు:
మంచి ఉదాహరణ ఇచ్చారు. ఆ నేరం జరిగింది 1984లో. ఎనిమిదేళ్లు దాటిన మరక పనికొచ్చింది, పదకొండు రోజులది పనికిరాదా?

పాత పోస్టాఫీసు:
మళ్లీ అదే! నేను మరక వయసు మాట్లాడటం లేదు, తాళంచెవి ఎవరి దగ్గరుందో అడుగుతున్నాను.

భీమిలి తాతయ్య:
నేను రెవెన్యూలో చేసి రిటైరయ్యాను. హత్య కేసుల్లో మధ్యవర్తిగా, అంటే పోలీసులు వస్తువులు స్వాధీనం చేసుకునేటప్పుడు సాక్షి సంతకానికి పిలిచేవారు. ఒకసారి వెళ్లేసరికే మూట కట్టేసి ఉంది, లక్క ఇంకా వెచ్చగా ఉంది. లోపల నిందితుడి చొక్కా అన్నారు. చూపించమన్నాను. "సీలు వేశాక ఎలా విప్పుతాం గురువుగారూ" అని టీ తెప్పించారు. సంతకం పెట్టాను. అందులో చొక్కా ఉందో లుంగీ ఉందో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఉప్పుగాలి:
తాతయ్యగారూ, ఒక్క మూట చూసి అన్ని కేసులూ అంతే అంటే ఎలా?

సింహాచలం సంపెంగ:
మా అక్కను చంపిన కేసు కొట్టేశారు. లక్క మీద ఏ ముద్ర వేశారో దాని నమూనా కోర్టుకు పంపలేదట. అంతే. అతను మా వీధి చివర కొట్టు పెట్టుకున్నాడు. పాలప్యాకెట్టుకు మేము పక్క వీధికి వెళ్తాం. వకీలుగారూ, మీకు ఇవన్నీ పాయింట్లు.

పాత పోస్టాఫీసు:
అమ్మా, మీ కోపం ముద్ర మరిచిన పోలీసుల మీద ఉండాలి. 2025 జులైలో తమిళనాడు కేసులో ఉరిశిక్ష పడిన వ్యక్తిని వదిలేస్తూ సుప్రీంకోర్టు చెప్పింది: తీసిన నమూనా 48 గంటల్లో ల్యాబుకు చేరాలి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రిజిస్టరు ఉండాలి అని.

తాటిచెట్లపాలెం:
ఆ రిజిస్టరు రాసేదీ వాళ్లే కదా.

ల్యాబ్‌కోటు:
వకీలుగారూ, సూటిగా అడుగుతాను. 48 గంటల్లో చేరింది, రిజిస్టరు బాగుంది, ఎవరూ ముట్టుకోలేదు, డీఎన్ఏ సరిపోయింది. అప్పుడు ఉరికి ఒప్పుకుంటారా?

పాత పోస్టాఫీసు:
ఒప్పుకోను.

ఉప్పుగాలి:
చూశారా! మీకు ఉరే వద్దు. సీలు వట్టి సాకు.

పాత పోస్టాఫీసు:
మీకు ఎవరో ఒకరు వేలాడితే చాలు. డీఎన్ఏ మీకూ సాకే.

సింహాచలం సంపెంగ:
మా కేసులో ఎవరూ ఉరి అడగలేదు. అతనే చంపాడని ఒక కాగితం మీద రాసిస్తే చాలనుకున్నాం. మీరిద్దరూ ఉరి గురించి కొట్టుకోండి. తాతయ్యగారూ, మీరు సంతకం పెట్టిన కేసు ఏమైంది?

తాటిచెట్లపాలెం:
పాపం పెద్దాయన్ను వదిలేయండి.

భీమిలి తాతయ్య:
యావజ్జీవం పడిందమ్మా. అప్పీలులో ఏమైందో కనుక్కోలేదు.

ల్యాబ్‌కోటు:
కోర్టులో మిమ్మల్ని అడగలేదా?

భీమిలి తాతయ్య:
అడిగారు. మూట విప్పి చొక్కా చూపించారు. నా ఎదుట స్వాధీనం చేసుకున్నది ఇదే అని చెప్పాను.