సమస్యాపూరణం: "నేను పలుకు మాట నిజము గాదు"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇదీ:

నేను పలుకు మాట నిజము గాదు

ఆటవెలది సరిపాదం. అయిదూ సూర్యగణాలే, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) 'నే–ని'. నాలుగో పాదంగా వాడండి. రెండో పాదంగా ఇమిడ్చినా అభ్యంతరం లేదు. పైకి చూస్తే ఇది పాత తర్కశాస్త్రపు మెలిక. ఈ మాట నిజమైతే అబద్ధం అవుతుంది, అబద్ధమైతే నిజం అవుతుంది. విరుపుతో తప్పించుకుందామని 'నేను పలుకు' దగ్గర వాక్యం ఆపేవాళ్ళు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళకు ముందే చెబుతున్నాను, అలా ఆపితే 'నేను పలుకుదు' అనాలి, గణం చెడుతుంది. ఈసారి అడ్డదారి లేదు.

చిట్టడవి:
మెలికను మెలికగానే ఉంచాను మాస్టారూ.

కల్ల యనిన నిజము, కాదన్నచోఁ గల్ల,
చిక్కుముడిని వేసి చెప్పె నొకఁడు
తర్కమెల్ల దిరిగి తలపట్టుకొనునట్లు
"నేను పలుకు మాట నిజము గాదు"

నిర్వాహకుడు:
గణాలు, యతులు అన్నీ సరిగా ఉన్నాయి. మూడో పాదం బాగా పడింది. అయితే ఇది పూరణ కన్నా సమస్యకు వ్యాఖ్యానంలా ఉంది. 'చెప్పె నొకఁడు' అన్నారు, ఆ ఒకడెవడు?

చిట్టడవి:
క్రీటు ద్వీపంవాడు ఎపిమెనిడీస్ అనుకున్నానండీ. క్రీటువాళ్ళంతా అబద్ధాలకోరులని చెప్పిన క్రీటువాడు.

నల్లరేగడి:
ఆయన మాటలో పూర్తి మెలిక లేదండీ. ద్వీపంలో నిజం చెప్పేవాడు ఇంకొకడెవడైనా ఉంటే, ఎపిమెనిడీస్ మామూలు అబద్ధం ఆడాడని సరిపెట్టుకోవచ్చు. తప్పించుకోవడానికి వీల్లేకుండా బిగించింది క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో మిలేటస్‌వాడు, గ్రీకు తార్కికుడు యూబులిడీస్. ఆ ముడి 20వ శతాబ్దం దాకా వచ్చింది. ఒక భాషలోని వాక్యాల నిజానిజాలను అదే భాషలో ఉండి పూర్తిగా నిర్వచించలేమని తర్కవేత్త టార్‌స్కీ 1933లో తేల్చింది దీన్ని పట్టుకునే.

నిర్వాహకుడు:
గ్రీసు దాకా పోనక్కరలేదు. వైయాకరణుడు భర్తృహరి వాక్యపదీయం మూడో కాండలో, సంబంధసముద్దేశంలో, అచ్చంగా ఈ వాక్యాన్నే ఎత్తుకున్నాడు: 'సర్వం మిథ్యా బ్రవీమి', నేను చెప్పేదంతా అబద్ధం. ఆ మాట అన్నవాడు ఆ మాటనే కలుపుకొని చెప్పాలనుకోడు, కలుపుకుంటే చెప్పదలచిన అర్థమే అందకుండా పోతుంది అంటాడాయన. వాక్యాన్ని ఒంటరిగా నిలబెట్టి నిలదీయకు, పలికేవాడి వివక్ష, అంటే చెప్పదలచినది, ఏమిటో చూడు అని. మన పని కూడా అదే. 'నేను' అన్న చోట ఒక మనిషిని నిలబెడితే ముడి దానంతటదే విడుతుంది. చిట్టడవి గారు మనిషిని నిలబెట్టలేదు, అందుకే ముడి అలాగే ఉంది.

మల్లెపందిరి:
నేను అమ్మను నిలబెట్టాను.

కూడు చాలదయ్య, కుండలోఁ గలదెల్ల
పిల్లవాని కొఱకుఁ బెట్టి తల్లి
కడుపు నిండె ననియెఁ; గన్నులే చెప్పెను
"నేను పలుకు మాట నిజము గాదు"

గోదారిగట్టు:
చాలా బాగుందమ్మా. మా ఇంట్లో ఈ అబద్ధం 'నాకు పొద్దున్నించీ ఆకలిగా లేదురా' అన్న పాఠంలో వినిపించేది.

చిట్టడవి:
ఒక సందేహం. పలికింది కన్నులు కదా. కన్నులు రెండు, అంటే 'మేము' అనాలి. పైగా కన్నులు చెప్పింది నిజమే అయినప్పుడు అవి 'నేను పలుకు మాట నిజము గాదు' అంటే తమ మాటనే కాదన్నట్టు అవుతుంది.

మల్లెపందిరి:
కన్నులు తల్లి తరఫున చెబుతున్నాయండీ. నోరు ఒకటి అంటే కళ్ళు ఇంకొకటి అన్నాయి. రెండిటిలోనూ 'నేను' తల్లే.

నిర్వాహకుడు:
మల్లెపందిరి గారి సమర్థన ఒప్పుకుంటాను. చిట్టడవి గారు ప్రతి పద్యాన్నీ కోర్టు బోనెక్కిస్తున్నారు. నా అభ్యంతరం వేరే. మొదటి పాదంలో 'అయ్య' వ్యర్థపదం, గణం నింపడానికి వచ్చింది. ఇంత మంచి పద్యానికి ఆ లోటెందుకు? "కూడు కొంచె మయ్యెఁ, గుండలోఁ గలదెల్ల" అనండి. యతి చెడదు, అర్థమూ బిగుస్తుంది.

మల్లెపందిరి:
అలాగే మార్చుకుంటాను. ధన్యవాదాలు.

తుమ్మెద:
నాది నాటకాల వేషగాడి గోడు.

రేయి యాటలో హరిశ్చంద్రుఁడను గాని
తెల్లవార నప్పుఁ దీర్చమనెడి
వడ్డివాని యెదుటఁ బలుకుదు రేపంచు
నేను పలుకు మాట నిజము గాదు

నల్లరేగడి:
అద్భుతం! కాటి సీనులో రాగం తీసి వన్స్‌మోర్ కొట్టించుకున్నవాడు పొద్దున్నే మేకప్ కడుక్కోకముందే 'రేపిస్తాను' అనడం.

నిర్వాహకుడు:
ఈ దారం ఇప్పటిదాకా చూసిన పూరణల్లో ఊహకు మొదటి స్థానం దీనిదే. నిజానికి పెట్టింది పేరైనవాడి నోట ఈ పాదం పలికించడం, అదీ దొంగతనంగా కాకుండా న్యాయంగా పలికించడం. 'రేయి యాటలో హరిశ్చంద్రుఁడ' అన్న చోట యతి 'రే–రి' పదం మధ్యలో పడినా సహజంగా ఉంది. కానీ మూడో పాదంలో 'పలుకుదు', నాలుగులో మళ్ళీ 'పలుకు'. ఒక్క మెట్టు దిగిపోయింది. ఇంకో సంగతి, కథలో హరిశ్చంద్రుడి అప్పు వసూలుకు విశ్వామిత్రుడు పంపినవాడు నక్షత్రకుడు. రాత్రి వేదిక మీద ఒకడు వెంటపడుతుంటే, పగలు వీధిలో ఇంకొకడు. అది మీ పద్యంలోనే దాగి ఉంది, బయటికి లాగండి.

తుమ్మెద:
ఇలా అనవచ్చా?

నాదు పగటి వడ్డినక్షత్రకునితోడ
నేను పలుకు మాట నిజము గాదు

చిట్టడవి:
ఒకే పాదంలో రెండు దోషాలు. 'నాదు' అన్న విశేషణ రూపాన్ని వ్యాకర్తలు మెచ్చరు. 'వడ్డి' తెలుగు, 'నక్షత్రకుడు' సంస్కృతం, రెంటినీ సమాసం చేస్తే వైరిసమాసమంటారు.

నిర్వాహకుడు:
నిజమే. రెండూ ఒక్క దెబ్బకు పోతాయి:

రేయి యాటలో హరిశ్చంద్రుఁడను గాని
తెల్లవార నప్పుఁ దీర్చమనుచు
నన్నుఁ దఱుము పగటి నక్షత్రకునితోడ
నేను పలుకు మాట నిజము గాదు

'వడ్డి' పోయింది కానీ 'అప్పు' రెండో పాదంలో ఉండనే ఉంది. రెండో పాదం చివర 'అనెడి' కాస్తా 'అనుచు' అయింది.

నల్లరేగడి:
పగటి నక్షత్రకుడు! పట్టపగలే చుక్కలు చూపించేవాడన్నమాట.

తుమ్మెద:
ఆ శ్లేష నేను అనుకోలేదు గానీ, అనుకున్నానని చెప్పుకుంటాను. నేను పలుకు మాట ఎలాగూ...

గోదారిగట్టు:
హరిశ్చంద్రుడు వచ్చాక ధర్మరాజు రాకుండా ఉంటాడా.

గురునిఁ జంపఁ దలఁచి కుంజరంబు నడఁచి
పలికి ధర్మజుండు వగచె నిట్లు:
"పదము పదము నిజమె, భావంబుఁ జూచిన
నేను పలుకు మాట నిజము గాదు"

కొత్తచిగురు:
చిన్న సందేహం. రెండో పాదంలో 'ప'కు 'వ' యతి చెల్లుతుందా? ఇంకొకటి, కుంజరః అన్నది వినపడకుండా చేసింది కృష్ణుడి శంఖం కదా, ధర్మరాజు అణచడమేమిటి?

నిర్వాహకుడు:
ప ఫ బ భ వ లకు పరస్పరం యతి చెల్లుతుంది. శంఖం ఊదడం హరికథల్లో, సినిమాల్లో స్థిరపడిన కథ. వ్యాస భారతం ద్రోణపర్వంలో ధర్మరాజే 'హతః కుంజరః' అన్నది అవ్యక్తంగా, అంటే స్పష్టంగా వినపడకుండా అన్నాడని ఉంది. గోదారిగట్టు గారు మూలాన్ని పట్టుకున్నారు. 'కుంజరంబు నడఁచి' అన్న రెండు ముక్కల్లో, అక్కడ భీముడు అణచిన ఏనుగు, ఇక్కడ ధర్మరాజు అణచిన మాట, రెండూ వచ్చాయి. అంతకు ముందు నేలకు నాలుగు అంగుళాలు ఎత్తున నడిచే ఆయన రథం ఆ మాటతో నేలకు దిగింది. మాటలో అక్షరం అబద్ధం కాకపోయినా రథం దిగింది చూశారా, లెక్క చూసినవాడు మాటను కాదు, ద్రోణుడు ఏమనుకోవాలని అన్నాడో దాన్ని చూశాడు. ఆ నిజాయితీ మీద నమ్మకంతోనే ద్రోణుడు మరెవరినీ అడగక ఈయన్ను అడిగాడు.

చిట్టడవి:
పలికేసిన మాట కదా, 'పలికిన మాట' కావాలి. 'పలుకు మాట' అంటే ఇప్పుడు పలుకుతున్నదవుతుంది.

గోదారిగట్టు:
'పలుకు' తద్ధర్మ విశేషణమండీ, ఏ కాలానికైనా అన్వయిస్తుంది.

నిర్వాహకుడు:
వ్యాకరణంగా గోదారిగట్టు గారి మాట నిలుస్తుంది. చెవికి మాత్రం చిట్టడవి గారి మాటలో కొంత పస ఉంది.

నల్లరేగడి:
దీనికి ఎదురుగా కౌశికుడు ఉన్నాడు. నిజమే చెబుతానని వ్రతం పట్టి, దొంగలు అడిగితే, ప్రాణభయంతో అడవిలోకి పారిపోయినవాళ్ళ దారి చూపించాడు. దొంగలు వాళ్ళను చంపారు, కౌశికుడు నరకానికి పోయాడు. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెబుతాడు. ఎప్పుడు? గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నందుకు ప్రతిజ్ఞ ప్రకారం ధర్మరాజు తల నరుకుతానని అర్జునుడు కత్తి దూసినప్పుడు. అంటే సగం అబద్ధమాడిన అన్నగారి ప్రాణం, నిజం చెప్పి చెడినవాడి కథతో దక్కింది. పూరణ రాయలేదు, ఊరికే చెప్పాను.

కొత్తచిగురు:
నా మొదటి ప్రయత్నం. తప్పులుంటే చెప్పండి.

ఒకఁడు కంబ మనియె, నొకఁడు చేట యనియె,
తాఁకినంత వఱకె నిజము దెలిసె;
ఏనుఁ గెఱుఁగ నేను, నెఱిఁగిన మేరకు
నేను పలుకు మాట నిజము గాదు

నిర్వాహకుడు:
మొదటి ప్రయత్నమంటే నమ్మడం కష్టం. మూడో పాదం చూడండి, 'ఏనుఁ గెఱుఁగ నేను' ఎంత తేలిగ్గా పలుకుతోందో. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది, 'తా'కు 'ని' చెల్లదు. "తాఁకినంత వఱకె తనకుఁ దెలిసె" అంటే సరిపోతుంది.

గోదారిగట్టు:
కంబం, చేట రెండూ పాళీ బౌద్ధ గ్రంథం ఉదానంలోని కథలో ఉన్నవే. శ్రావస్తిలో ఒక రాజు పుట్టుగుడ్డివాళ్ళను పోగుచేసి ఏనుగును చూపిస్తాడు. కాలు పట్టినవాడు స్తంభమన్నాడు, చెవి పట్టినవాడు చేట అన్నాడు, తోక పట్టినవాడు రోకలి అన్నాడు. చివరికి పిడిగుద్దులు.

చిట్టడవి:
నాకు చివరి పాదంతో పేచీ ఉంది. చెవి చేటలా ఉందన్నది అబద్ధమా? తాకినంత మేరకు నిజమే కదా. జైనుల స్యాద్వాదం ప్రకారం 'స్యాత్ అస్తి', ఒక విధంగా ఉంది అనాలి. అది చెప్పే ఏడు భంగాల్లో, అంటే ఏడు రకాల పలుకుబడుల్లో, 'లేదు' కూడా ఒకటే తప్ప అదే తీర్పు కాదు. 'నిజము గాదు' అని కొట్టిపారేస్తే అదీ ఏకాంతవాదమే, అంటే ఒక్క వైపే పట్టుకున్న వాదమే అవుతుంది.

కొత్తచిగురు:
నేను 'మొత్తం నిజం కాదు' అన్న అర్థంలో రాశానండీ.

చిట్టడవి:
అర్థం మీ మనసులో ఉంది. పద్యంలోకి రాలేదు.

నిర్వాహకుడు:
ఈసారి చిట్టడవి గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. గుడ్డివాళ్ళ తప్పు చేట అనడం కాదు, చేటే అనడం. కానీ వాళ్ళలో ఒకడు 'నేను ఏనుగును ఎరగను' అనడం మీ పద్యంలో కొత్త. కథలో ఆ మాట ఒక్కడూ అనలేదు, అందుకే కొట్టుకున్నారు. 'నిజము గాదు' అన్నది సమస్యలో నేను ఇచ్చిన పదం కాబట్టి, ఆ లోపంలో సగం నాది.

నల్లరేగడి:
ఈ కాలపు పూరణ ఒకటి.

నా ముఖమ్ముఁ బెట్టి, నా గొంతుఁ దొడిగించి
యంత్ర మొకటి నన్ను నాడఁ జేసె;
తెరనుఁ జూచి నన్నుఁ దిట్టకుఁ డచ్చట
నేను పలుకు మాట నిజము గాదు

తుమ్మెద:
డీప్‌ఫేక్! 'గొంతుఁ దొడిగించి' బాగుంది, చొక్కా తొడిగినట్టు.

మల్లెపందిరి:
పోయిన నెల మా పెద్దమ్మకు ఇలాంటిదే వచ్చింది. అచ్చం మనవడి గొంతు, డబ్బు పంపమని. ఆవిడ 'నీ చిన్నప్పుడు నిన్నేమని పిలిచేదాన్నిరా' అని అడిగేసరికి పెట్టేశారు.

చిట్టడవి:
'నేను పలుకు' అన్నారు. మీరు పలకనే లేదు కదా? 'నేను పలుకలేదు' అనాలి. ఒకవేళ యంత్రం మీ గొంతుతో 'రెండూ రెండూ నాలుగు' అంటే? మాట నిజమే, మీరన్నారన్నది అబద్ధం.

నల్లరేగడి:
అందుకే 'అచ్చట నేను'. తెరలో కనపడే నేను వేరు, ఇక్కడ మొత్తుకునే నేను వేరు. ఆ 'నేను' అబద్ధం కాబట్టి వాడి మాటా అబద్ధమే.

నిర్వాహకుడు:
యంత్రం చేత నిజం పలికిస్తే ఆ మాటను ఏ ఖాతాలో రాయాలన్నది ఇక్కడ తేలేది కాదు. 'యంత్ర మొకటి నన్ను నాడఁ జేసె'లో య–ఆ యతి చక్కగా పడింది. నా పూరణ కూడా పెట్టి ముగిస్తాను:

చందమామ యంటి సతి మోము, నాపైన
మచ్చ యేది యనుచు మండిపడియె;
కవుల నమ్మరాదు, కలకంఠి! నీయాన!
నేను పలుకు మాట నిజము గాదు

గోదారిగట్టు:
మీకు ఫరవాలేదులెండి. ఆడవారి దగ్గర, పెళ్ళిళ్ళలో బొంకవచ్చని పోతన గారి శుక్రాచార్యుడు బలికి మినహాయింపు ఇచ్చాడు. అదీ ఆటవెలదిలోనే.

తుమ్మెద:
ఇచ్చాడు సరే, బలి పుచ్చుకోలేదు.

చిట్టడవి:
మాస్టారూ, ఒట్టు వేసి మరీ 'నా మాట అబద్ధం' అంటున్నారు. ఆ ఒట్టు కూడా మీ మాటే కదా. నమ్మితే చందమామ అన్నది అబద్ధం, నమ్మకపోతే చందమామ అన్నది నిజం. ఎటు చూసినా అక్కయ్యగారికి మచ్చ ఎక్కడుందో తేలలేదు.

నిర్వాహకుడు:
ఆవిడ ఈ దారం చదువుతూనే ఉన్నారు. చిట్టడవి గారూ, దయచేసి ఇక్కడితో ఆపండి. వచ్చే వారం సమస్య తేటగీతిలో ఇస్తాను.