పాత రోదసి సాహస నవలలు పిల్లలతో చదివేటప్పుడు సైన్సు తప్పుల్ని ఏం చేయాలి?

ప్రశ్న (కథలపెట్టె):
11-12 ఏళ్ల పిల్లల చేత 1950ల నాటి అంతరిక్ష సాహస నవలలు చదివిస్తున్నాను. శుక్రుడి మీద సముద్రాలు, అంగారకుడి మీద కాలువలు, రెండు రోజుల్లో గ్రహం నుంచి గ్రహానికి ప్రయాణం! ప్రతి పేజీకీ ఆపి "ఇది తప్పు" అంటే కథ చప్పబడిపోతుంది. ఆపకపోతే అదే నిజమనుకుంటారు. ఏది చూసీచూడనట్టు పోవాలి, ఏది చెప్పి తీరాలి?

శుక్రతార:
ముందు కాపీరైట్ పేజీ తిప్పి, మొదటిసారి అచ్చయిన ఏడు చూడండి. పునర్ముద్రణ ఏడు కాదు. గుర్తుంచుకోవాల్సిన ఏళ్లు రెండే. 1962 డిసెంబరులో నాసా వ్యోమనౌక మారినర్-2 శుక్రుడి పక్కనుంచి వెళ్లి అక్కడ నీళ్లు నిలవలేనంత వేడి ఉందని తేల్చింది. 1965 జూలైలో మారినర్-4 పంపిన ఫొటోల్లో అంగారకుడి మీద కాలువలు లేవు, గుంతలే ఉన్నాయి. గాలి కూడా మన గాలి పీడనంలో నూరో వంతుకు లోపే. అదే 1965లో రాడార్‌తో చూస్తే బుధుడు సూర్యుడికి ఎప్పుడూ ఒకే ముఖం చూపించడనీ, సుమారు 59 రోజులకోసారి తన చుట్టూ తాను తిరుగుతాడనీ తెలిసింది.

అంతకుముందు పుస్తకంలో సముద్రాలుంటే అది రచయిత తప్పు కాదు, అప్పటికి తెలిసింది అంతే. అక్కడ ఆపకండి. అధ్యాయం అయ్యాక ఒక్క వాక్యం చాలు. సైన్స్ ఫిక్షన్ రచయిత అసిమోవ్, పాల్ ఫ్రెంచ్ అనే మారుపేరుతో 1952-58 మధ్య పిల్లలకు ఆరు నవలలు రాశారు. 1970ల్లో అవి మళ్లీ అచ్చయినప్పుడు ఏ సంగతి పాతబడిందో ముందుమాటల్లో తనే చెప్పారు, కథ మాత్రం మార్చలేదు. మీరూ అదే దారి పట్టొచ్చు. ఆపి మాట్లాడాల్సింది రెండో రకం దగ్గర: రాసిన రోజునే కాగితం మీద లెక్క వేస్తే దొరికిపోయే తప్పులు.

లెక్కలపలక:
ఆ రెండో రకానికి మంచి ఉదాహరణ జూల్ వెర్న్ నవల (1865)లో మనుషుల్ని చంద్రుడి వైపు పేల్చే ఫిరంగి. గొట్టం పొడవు 900 అడుగులు, అంటే 274 మీటర్లు. చివరికి సెకనుకు 11.2 కి.మీ. వేగం రావాలి. వేగాన్ని మీటర్లలో వేసి వర్గం చేసి, పొడవుకు రెట్టింపుతో భాగించమనండి. వచ్చే త్వరణం (వేగం పెరిగే జోరు) భూమి గురుత్వానికి సుమారు 23 వేల రెట్లు. లోపలి ముగ్గురూ బయల్దేరకముందే అట్టయిపోతారు. పిల్లలకు ఈ లెక్క భలే నచ్చుతుంది.

ఇంకో తేలిక పరీక్ష రేడియో సంభాషణ. అంగారకుడికి మాట చేరడానికి దూరాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. కథలో ఇద్దరూ టెలిఫోనులో లాగా మాట్లాడుకుంటుంటే, ఒకరిని గది ఇటు, ఒకరిని అటు నిలబెట్టి, గడియారం పెట్టి 3 నిమిషాలకో చీటీ అందించండి. విషయం ఒంటపడుతుంది.

కథలపెట్టె:
మరి రెండు రోజుల్లో అంగారకుడు? అది ఏ రకం తప్పు?

లెక్కలపలక:
చిత్రంగా, ఆ రెండు రోజులు లెక్కకు సరిపోతాయి! దూరం 7.8 కోట్ల కి.మీ. అనుకోండి. సగం దారి ఒక 'జి' (భూమి గురుత్వమంత) త్వరణంతో వేగం పెంచుతూ, మిగతా సగం అంతే లెక్కన తగ్గిస్తూ పోతే రెండు రోజుల చిల్లర. చిక్కంతా ఇంధనంతో. మధ్యలో వేగం సెకనుకు 870 కి.మీ. దాటుతుంది, దాన్ని మళ్లీ సున్నాకు దించాలి. వాయువును సెకనుకు 4.5 కి.మీ. వేగంతో చిమ్మే రసాయన రాకెట్‌కు, ఒక కిలో సామాను చేరాలంటే 1 పక్కన 160కి పైగా సున్నాలు పెట్టినన్ని కిలోల ఇంధనం కావాలి. విశ్వం మొత్తం పోసినా చాలదు. కథలో అణుశక్తి ఇంజను ఉంటే కొంత దయ చూపండి. మామూలు రాకెట్ అని రాస్తే మాత్రం ఊరుకోవద్దు. ఇంజను ఆపేసి కక్ష్యలో జారుకుంటూ పోతే ఒకవైపు ప్రయాణమే ఎనిమిదిన్నర నెలలు.

గాలిమర:
శుక్రతార గారి విభజన బాగుంది కానీ, ఒక తప్పు దగ్గర మాత్రం కథ మధ్యలోనే ఆపాలండి. సూటు చిరిగితే హీరో గట్టిగా ఊపిరి బిగబట్టి శూన్యంలో ఈదుకుంటూ రావడం. చేయాల్సింది దానికి సరిగ్గా తిరగేసి: గాలి వదిలేయాలి. బయట పీడనం లేకపోతే బిగబట్టిన గాలి వ్యాకోచించి ఊపిరితిత్తుల్ని చీల్చేస్తుంది. లోతు నీళ్లలో సిలిండర్ గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకొచ్చే ఈతగాడికీ ఇదే ప్రమాదం, అందుకే ఇది కథకు పరిమితమైన విషయం కాదు. స్పృహ ఉండేది 10-15 సెకన్లే. 1966లో నాసా శూన్య గదిలో ఒక టెక్నీషియన్ సూటు గొట్టం ఊడిపోతే సుమారు 14 సెకన్లలో స్పృహ తప్పాడు. వెంటనే గాలి నింపడంతో బతికాడు. కళ్లు పేలిపోవడం, రక్తం సలసలా మరగడం లాంటివి అట్టబొమ్మల కోసం పుట్టినవి.

భారరహిత స్థితి కూడా చూడండి. భూమి, చంద్రుల ఆకర్షణ సరిసమానమయ్యే చోట మాత్రమే బరువు పోతుందని పాత కథల్లో వస్తుంది. నిజానికి ఇంజను ఆగిన క్షణం నుంచే తేలతారు.

శుక్రతార:
గాలిమర గారితో ఏకీభవిస్తున్నాను, ఊపిరి సంగతి ఆపి చెప్పాల్సిందే. గ్రహశకలాల మధ్య ఓడ వంకర్లు తిరుగుతూ తప్పించుకోవడం మాత్రం వదిలేయండి, అది లేకపోతే అంతరిక్ష దొంగల కథ నడవదు. నిజానికి అక్కడ ఖాళీయే ఎక్కువ: రాళ్లన్నీ కూడేసినా మన చంద్రుడి బరువులో ఇరవయ్యో వంతుకు లోపే. నాసా వ్యోమనౌక పయనీర్-10 ఆ గ్రహశకలాల పట్టీని 1972-73లో దాటింది, దెబ్బ తగల్లేదు.

అసలు పాత ప్రతులే పిల్లల చేతికిస్తుంటే ఒక మాట. ఆ కాలపు చవక కాగితంలో ఆమ్లం ఎక్కువ, అంచులు పెళుసెక్కి ఉంటాయి. వీపు జిగురు గట్టిపడి ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా వెల్లకిలా తెరవొద్దు. ముందు నుంచి పది పేజీలు, వెనక నుంచి పది పేజీలు మెల్లగా వాలుస్తూ మధ్యకు రండి. ఊడిన పేజీకి సెల్లోటేపు అంటించకండి, దాని జిగురు పసుపెక్కి అక్షరాల మీదికి పాకుతుంది.