తౌబా సూరా 9:5: తెలుగులోకి వచ్చేసరికి జారిపోయిన "ఆ"

ప్రశ్న: ఖురాన్ 9:5 (9వ సూరా, 5వ వాక్యం) తెలుగులో ఎక్కువగా "నిషిద్ధ మాసాలు గడిచాక బహుదైవారాధకులను ఎక్కడ కనిపిస్తే అక్కడ చంపండి" అన్న ధోరణిలో కనిపిస్తుంది. ఈ ఒక్క ముక్కనే కోసి పంచుతూ ఎప్పటికీ వర్తించే ఆజ్ఞ అనేవారు కొందరు, ఆత్మరక్షణ తప్ప మరేమీ కాదనేవారు కొందరు. మూలంలో భాష ఏం చెబుతోంది? తెలుగులో ఎలా రాయాలి? ఈ వాక్యాన్ని పిలిచే "ఆయతుస్సైఫ్" (ఖడ్గ వాక్యం) అన్నది ఖురాన్ పెట్టిన పేరేనా?

జవాబు: పేరు సంగతి ముందు. "సైఫ్", అంటే ఖడ్గం, అనే మాట ఖురాన్ మొత్తంలో ఎక్కడా రాదు. "ఖడ్గ వాక్యం" అనేది వ్యాఖ్యాతలు తర్వాత పెట్టుకున్న పేరు.

ఇక వాక్యం. మూలంలో ఉన్నది "అల్‌ముష్రికీన్". ముష్రిక్ అంటే బహుదైవారాధకుడు, "అల్" దాని ముందున్న ఆర్టికల్. అరబీలో "అల్" రెండు పనులు చేస్తుంది: ఇంతకుముందు చెప్పినవారిని గుర్తుచేస్తుంది, లేదా ఆ జాతి మొత్తాన్నీ కలుపుకుంటుంది. వ్యాకర్తలు మొదటిదాన్ని "అహ్ద్" అనీ, రెండోదాన్ని "ఇస్తిగ్రాఖ్" అనీ అంటారు. ఇక్కడ ఏదో తేల్చుకోవాలంటే సూరా మొదటి నుంచి చదవాలి. 9:1 "మీరు ఒప్పందం చేసుకున్న ముష్రిక్కుల"తో మొదలవుతుంది. 9:2 వాళ్లకు నాలుగు నెలల గడువిస్తుంది. 9:4 కొందరిని మినహాయిస్తుంది: ఒప్పందంలో ఏ లోటూ చేయనివారు, మీకు వ్యతిరేకంగా ఎవరికీ సాయపడనివారు. వాళ్ల ఒప్పందాన్ని గడువు తీరేదాకా నిలబెట్టమంటుంది. ఆ వెంటనే వచ్చేదే 9:5. 9:13లో ప్రమాణాలు భంగం చేసి, ప్రవక్తను వెళ్లగొట్టాలని చూసి, మొదట మీ మీదికి వచ్చినవారితో పోరాడరా అన్న ప్రశ్న ఉంది. ఈ వరుసలో చూస్తే "అల్" ముందు చెప్పినవారినే చూపిస్తోందన్న వాదన చాలా బలంగా ఉంది.

తెలుగులో ఆర్టికల్ లేదు. "బహుదైవారాధకులను" అని ఊరికే బహువచనం పెడితే లోకంలో ఉన్నవాళ్లందరూ అన్న అర్థమే వినిపిస్తుంది. "ఆ ముష్రిక్కులను" అని ఒక్క అక్షరం చేర్చితే పై వాక్యాలతో లంకె నిలుస్తుంది. "ఒప్పందం తప్పిన" అని వాక్యంలోనే ఇరికించడం మాత్రం సరికాదు. అది మూలంలో లేదు, కనుక అధస్సూచికలో ఉండాలి. ఇంకో తప్పు కూడా తరచూ కనిపిస్తుంది: "అవిశ్వాసులను" అని రాయడం. అవిశ్వాసి "కాఫిర్"కు దగ్గర, దాని పరిధి ఇంకా పెద్దది. 9:5లో ఆ మాట లేనే లేదు.

చారిత్రక సందర్భం క్లుప్తంగా: 628లో మక్కా దగ్గరి హుదైబియా వద్ద ముస్లింలకు, మక్కాలోని ఖురైషు తెగకు మధ్య పదేళ్ల సంధి కుదిరింది. ఖురైషుల మిత్రులైన బనూ బక్ర్ తెగ, ముస్లింల మిత్రులైన ఖుజాఆ తెగ మీద పడటంతో అది తెగింది. 630లో మక్కా స్వాధీనమైంది. హిజ్రీ 9 హజ్‌కు ప్రవక్త సహచరుడు అబూ బక్ర్ నాయకత్వం వహించగా, ఈ సూరా మొదట్లోని ప్రకటనను జనం ముందు చదివి వినిపించింది ప్రవక్త అల్లుడు అలీ.

సందేహం: "నిషిద్ధ మాసాలు", 9:2లోని నాలుగు నెలలు ఒకటేనా?

జవాబు: ఇక్కడ పాత వ్యాఖ్యాతలకే ఏకాభిప్రాయం లేదు. పంచాంగంలోని నిషిద్ధ మాసాలు జుల్‌ఖఅదా, జుల్‌హిజ్జా, ముహర్రం, రజబ్. ప్రకటన జుల్‌హిజ్జా 10న అనుకుంటే, వరుసగా వచ్చే మూడూ ముహర్రంతో అయిపోతాయి కాబట్టి గడువు సుమారు 50 రోజులే. నాలుగు నెలలూ లెక్కిస్తే రబీఉల్ ఆఖర్ 10 దాకా వెళుతుంది. ప్రసిద్ధ ఖురాన్ వ్యాఖ్యాత ఇబ్న్ కసీర్ రెండో లెక్కనే ఎంచుకున్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది. 9:2లో నాలుగు నెలలిచ్చి, మూడు వాక్యాలు తిరక్కుండానే అందులో సగానికి పైగా వెనక్కి తీసుకోవడం పొసగదు. తెలుగులో "ఆ నిషిద్ధ మాసాలు" అంటే రెండు అర్థాలకూ చోటుంటుంది.

మరో జవాబు: పై వివరణతో ఏకీభవిస్తూనే, ఒక వైపే చెప్పి ఆపకూడదని రాస్తున్నాను. 9:5 పాత శాంతి వాక్యాలను రద్దు చేసిందన్న "నస్ఖ్" వాదం సంప్రదాయంలో గట్టిగానే ఉంది. రద్దయినవి 124 అని లెక్క వేసినవారూ ఉన్నారు. అయితే తొలికాలపు వ్యాఖ్యాతలు దహ్హాక్, సుద్దీ దీన్ని తలకిందులు చేశారు. ఖైదీలను ఊరికే గానీ, పరిహారం తీసుకుని గానీ విడిచిపెట్టమనే 47:4 వచ్చి 9:5నే రద్దు చేసిందన్నారు. మరో తొలికాలపు వ్యాఖ్యాత ఖతాదా కాదన్నారు. తర్వాతి కాలంలో ఖురాన్ మొత్తం మీద రద్దయిన వాక్యాలను పండితులు సుయూతీ ఇరవై దాకా, షా వలీయుల్లా అయిదుకు కుదించారు. 12వ శతాబ్దపు మాలికీ (ఇస్లామీ న్యాయ సంప్రదాయాల్లో ఒకటి) న్యాయాధిపతి అబూ బక్ర్ ఇబ్నుల్ అరబీ, మాట సాధారణమైనా ఉద్దేశం "మీతో యుద్ధం చేసే ముష్రిక్కులు" అన్నారు.

న్యాయశాస్త్రంలోనూ తేడాలున్నాయి. అరబ్బులు కాని బహుదైవారాధకుల నుంచి జిజ్యా (ముస్లిమేతరులు కట్టే పన్ను) తీసుకోవచ్చని హనఫీ, మాలికీ న్యాయ సంప్రదాయాలవారు అన్నారు. షాఫియీ సంప్రదాయంవారు దాన్ని గ్రంథప్రజలకు (యూదులు, క్రైస్తవులు), మజూసీలకే (జొరాస్ట్రియన్లు) పరిమితం చేశారు.

ఇది ఆత్మరక్షణేనని సమర్థించేవారు దాటవేసే ముక్క ఇంకొకటుంది. 9:5 రెండో సగం "పశ్చాత్తాపపడి, నమాజు నెలకొల్పి, జకాత్ (విధిగా ఇచ్చే దానం) ఇస్తే వదిలేయండి" అంటుంది. ఇది మతం స్వీకరించే షరతే. దాన్ని మింగేసి చర్చించడం నిజాయితీ కాదు. దాని పక్కనే 9:6 ఉంది: ముష్రిక్కుల్లో ఎవరైనా ఆశ్రయం అడిగితే ఇవ్వండి, దైవవాక్కు విననివ్వండి, తర్వాత అతని సురక్షిత స్థలానికి చేర్చండి. అక్కడ మతం మారాలన్న షరతు లేదు. 9:7లోనూ లేదు, వాళ్లు మాట మీద నిలబడినంత కాలం మీరూ నిలబడండి అంతే. ఎవరైనా 9:5 ఉటంకిస్తే కనీసం 9:1 నుంచి 9:13 దాకా ముందు పెట్టమని అడగండి.

చివరి జవాబు: "అక్కడున్నది పోరాడమనే ఖితాల్, చంపమనే ఖత్ల్ కాదు" అని కొందరు వాదిస్తారు. అది తప్పు. 2:190లో "ఖాతిలూ" ఉంది నిజమే, ఎదురుగా పోరాడేవారితో పోరాడటం అని అర్థం. కానీ 9:5లో ఉన్నది "ఉఖ్తులూ", చంపండి అనే. 2:191లో కూడా అదే ధాతురూపం. పరిధిని చెబుతున్నది చుట్టూ ఉన్న వాక్యాలు: 2:190లో "హద్దు మీరకండి", 2:191లోనే మస్జిదుల్ హరాం (మక్కాలో కాబా ఉన్న మసీదు) దగ్గర వాళ్లు మొదలుపెడితే తప్ప పోరాడవద్దన్న నిషేధం, 2:192లో వాళ్లు మానుకుంటే అన్న షరతు. క్రియారూపం మీద కట్టిన సమర్థన అరబీ తెలిసిన మొదటి పాఠకుడి ముందే కూలిపోతుంది.