హగ్గయి 1:4లో "సరంబీ వేసిన ఇండ్లు" అంటే ఏంటండీ?

అందరికీ వందనాలు. మా సంఘంలో కొత్త మందిరం స్లాబ్‌కి డబ్బులు పోగేస్తున్నారు, మూడు ఆదివారాల నుంచి వాక్యం హగ్గయి ఒకటో అధ్యాయమే. కానుక ఇవ్వకపోతే మన జీతం కూడా చినిగిన సంచిలో వేసినట్టేనట. సరంబీ అంటే ఏంటో మా ఇంట్లో ఎవరికీ తెలీదు, అదలా ఉంచితే హగ్గయి ప్రవక్త నిజంగా డబ్బులే అడిగాడా?

పెంకుటిల్లు:
సరంబీ అంటే దూలాల కింద కొట్టే చెక్క పలకల కప్పు. సొలొమోను కట్టడాలకి దేవదారు పలకలు వేసిన చోట కూడా హీబ్రూలో ఇదే మాట, అంటే యెరూషలేము మందిరమేమో పాడుబడి ఉంది, యూదుల ఇళ్ళకి మాత్రం ఫాల్స్ సీలింగ్ 😀 ఇంకోటి, మందిరం "పాడు" అన్నదానికి హారేబ్, 11వ వచనంలో అనావృష్టికి హోరెబ్, రాస్తే రెండిటికీ అవే మూడు హీబ్రూ అక్షరాలు. తెలుగులో ఆ చమత్కారం పోయింది.

బబులోను బస్సు:
8వ వచనం చూడండి బ్రదర్, కొండెక్కి మాను తెచ్చి కట్టమన్నాడు, చందా ఊసే లేదు. పైగా ముందు తగిలింది అధికారి జెరుబ్బాబెలుకి, ప్రధాన యాజకుడు యెహోషువకి. పారసీక రాజు కోరెషు క్రీ.పూ. 538లో బబులోను చెర నుంచి వెళ్ళమంటే యూదులు యెరూషలేముకి వచ్చి పునాది వేసి ఆపేశారు, తర్వాతి రాజుల్లో దర్యావేషు రెండో ఏడు అంటే 520లో ఆరో నెల ఒకటిన హగ్గయి అడిగాడు, అదే నెల 24వ తేదీ కల్లా పని మొదలు! 516లో పూర్తయింది.

సీయోను పాప:
అలా అని కానుకే తప్పని కాదండి, ఎజ్రా 2 చివర్లో పెద్దలు వెండి బంగారం ఇచ్చారు, కాకపోతే మనసుపూర్తిగా, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు. భయపెట్టి కాదు.

పాత నిబంధన ప్రియుడు:
టాపిక్ పక్కకి పోతున్నా సారీ, హగ్గయి పుస్తకం చివరి వచనం (2:23) ఎవరూ పట్టించుకోరు. యిర్మీయా 22లో దేవుడు యూదా రాజు కొన్యాతో నువ్వు నా కుడిచేతి ఉంగరమైనా ఊడబెరికేస్తా అంటాడు, ఆ కొన్యా మనవడే జెరుబ్బాబెలు, అతన్నేమో ఇక్కడ ముద్ర ఉంగరంగా చేస్తా అంటున్నాడు. తాత దగ్గర పోయిన ఉంగరం మనవడి దగ్గర తేలింది!

అడిగినవాడు:
థ్యాంక్సండి. అమ్మమ్మకి ఫోన్ చేస్తే టక్కున చెప్పింది, వాళ్ళ పాతింట్లో నడిమింటికి సరంబీ ఉండేదట, చెదలు పట్టి పీకేశారట. స్లాబ్ రోజు కాంక్రీటు మోయడానికి నా పేరు రాయించా, పాస్టర్ గారికి 8వ వచనం అప్పుడే చూపిస్తా.