సొంత ఫోన్‌లో సొంత యాప్‌కి ఏటా 99 డాలర్లా?

మైపాడు గట్టు:
మాది ఇందుకూరుపేట వైపు. రొయ్యల గుంటలు. మేత ఎంత వేశాం, చెక్ ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయా అని చూసే పళ్లెం) ఎంత మిగిలింది, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి, ఇవన్నీ రాసుకోడానికి నాన్న ఐఫోన్‌కి ఒక చిన్న యాప్ చేసిచ్చాను. ఉచిత ఆపిల్ ఐడీతో ఎక్కిస్తే 7 రోజులే బతుకుతుంది. రెండేళ్ల కిందట ఒకరోజు తెల్లారుజామున మూడింటికి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళ, నాన్న టార్చిలైటు చంకలో ఇరికించుకుని యాప్ నొక్కితే తెరుచుకోలేదు. గడువు అయిపోయింది. ఆ పొద్దునే 99 డాలర్లు కట్టి డెవలపర్ అకౌంట్ (యాప్‌లు రాసేవాళ్లకి ఆపిల్ ఇచ్చేది) తీసుకున్నా. ఇప్పుడు రెన్యువల్ వచ్చింది. కడదామనే ఉంది. దండగ అనేవాళ్లు ఎందుకో చెప్పండి.

పొదలకూరు నిమ్మ:
దండగే. ఫోన్ కొన్నాక మళ్లీ ఏటా కట్టడమంటే సొంత చేనుకి కౌలు కట్టినట్టు. నేనూ మోసపోయినోణ్ణే. ఒక ఫోన్ల షాపతను 600 తీసుకుని పెయిడ్ అకౌంట్‌తో యాప్‌లకి సైన్ (ఐఫోన్ ఒప్పుకునే డిజిటల్ సంతకం) చేసిచ్చాడు, ఏడాది గ్యారంటీ అన్నాడు. నలభై రోజులకి ఎక్కించినవన్నీ ఒకేసారి చచ్చాయి. అడిగితే 'ఆపిల్ వాడు రద్దు చేశాడు, నేనేం చేసేది' అంటాడు.

సింగరాయకొండ:
ఆండ్రాయిడ్ కొనుక్కోండయ్యా. ఏపీకే (యాప్ ఫైలు) నేరుగా వేసుకుంటే గొడవే లేదు.

మైపాడు గట్టు:
నిమ్మ అన్నా, షాపు వాడి సర్టిఫికెట్ (సైన్ చేయడానికి ఆపిల్ ఇచ్చేది) వేరు, మన అకౌంట్ వేరు. ఒక అకౌంట్ మీద ఏడాదికి 100 ఐఫోన్ల దాకా నమోదు చేసుకోవచ్చు. అది టెస్టింగ్ కోసం ఇచ్చింది. ఆ షాపుల వాళ్లు ఆ చోట్లని అమ్ముకుంటారు. ఆపిల్ పట్టుకుని సర్టిఫికెట్ రద్దు చేసిందంటే దాంతో సైన్ చేసినవన్నీ పోతాయి. నా అకౌంట్‌తో సైన్ చేసింది ఏడాది నడుస్తుంది. రోజుకి పాతిక రూపాయలు పడుతుంది, అంతే.

పొదలకూరు నిమ్మ:
పాతికా? బ్యాంకు వేసే ఛార్జీ కలిపావా? ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ నడవాలంటే మ్యాక్ (ఆపిల్ కంప్యూటర్) కావాలి, దాని ఖరీదు ఎవరు కలుపుతారు?

కావలి కాలువ:
వెబ్‌పేజీగా చేసి హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోవచ్చు కదా. రూపాయి ఖర్చు లేదు.

మైపాడు గట్టు:
గట్టు మీద సిగ్నల్ ఉంటే కదా. మ్యాక్ నా ఉద్యోగం కోసం కొన్నది అన్నా, గుంటల ఖాతాలో ఎందుకు రాస్తావు?

కావలి కాలువ:
సిగ్నల్ లేకపోయినా నడిచేటట్టు రాయొచ్చు.

పొదలకూరు నిమ్మ:
ఎట్టా చూసినా పాతిక కాదు. ముప్పై పైనే.

ట్రంకురోడ్డు:
టెస్ట్‌ఫ్లైట్‌లో (యాప్‌ని కొందరికిచ్చి పరీక్షించుకునే ఆపిల్ సేవ) పెట్టినా 90 రోజులకి ఆ ఎక్కించిన వెర్షన్ గడువు తీరిపోతుంది. దానికీ ఆ 99 డాలర్లు కట్టాల్సిందే. యూరోపియన్ యూనియన్ వాళ్లకి 2024 నుంచి ఆపిల్‌ది కాని వేరే యాప్ స్టోర్లు వచ్చాయి, మన ఖర్మ ఇది.

మైపాడు గట్టు:
ముప్పయ్యే అనుకో. ఒక్క రాత్రి గుంట దెబ్బతింటే ఎన్ని ముప్పైలు పోతాయో తెలుసా? నీకు డబ్బు బాధ కాదులే, ఇంకేదో ఉంది.

పొదలకూరు నిమ్మ:
ఉంది. చెప్పేస్తా. 100 చోట్లు ఉన్నాయని నువ్వే రాశావు. నీ స్నేహితులు, బావమరుదులు కలిపి 14 ఫోన్లు ఎక్కించావు. పోయినేడాది నేనడిగితే ఖాళీ లేదన్నావు. ఆ తర్వాతే షాపు వాడి దగ్గరికి పోయి 600 పోగొట్టుకున్నా.

మైపాడు గట్టు:
ఖాళీ లేదనడం తప్పే, ఒప్పుకుంటా. మొహం మీద కాదనలేక అట్లా చెప్పాను. నువ్వడిగింది డబ్బు కట్టి చూడాల్సిన సినిమాల యాప్‌ని పగలగొట్టి తయారుచేసింది. దాన్ని నా పేరుతో సైన్ చేస్తే, రేపు అకౌంట్ పోతే, నాన్న యాప్ కూడా పోతుంది. ఆ 14 మందికీ నేను రాసిన యాపే ఇచ్చాను, ఇంకోటి లేదు.

పొదలకూరు నిమ్మ:
ఆ మాట అప్పుడే చెప్తే నా 600 మిగిలేవి.

మైపాడు గట్టు:
నిజమే అన్నా. నీ ఫోన్ యూడీఐడీ (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబరు) పంపు, నా యాప్ ఎక్కిస్తా. ఐఓఎస్ (ఐఫోన్ సాఫ్ట్‌వేర్) 16 గానీ ఆ పైది గానీ ఉన్న ఫోనైతే సెట్టింగ్స్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి రీస్టార్ట్ చేసుకోవాలి. సినిమాల యాప్ మాత్రం కుదరదు.

పొదలకూరు నిమ్మ:
నా ఫోన్‌లో ఏది ఉండాలో ఇప్పుడు నువ్వు చెప్తావా? మరి ఆపిల్ వాడికీ నీకూ తేడా ఏంది అబ్బయ్యా?

కావలి కాలువ:
వెబ్‌పేజీ మాట ఒక్కరూ పట్టించుకోలేదు.