దుప్పటి కప్పినోడూ లేపేయమన్నోడూ ఒక్కడే అయితే మనిషిని ఏమనుకోవాలి?

నిద్రపట్టనోడు:

అందరికీ నమస్తే. ఏ సెక్షన్‌లో పెట్టాలో తెలీక ఇక్కడ పెడుతున్నా, తప్పైతే మార్చేయండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపికుంటేనే చదవండి.

పోయిన నెల నాన్నకి సీరియస్ అయ్యి 11 రోజులు ఐసీయూ బయట హాల్లోనే ఉన్నా. ముప్పై మంది దాకా ఉండేవాళ్ళం అక్కడ, ఒకళ్ళకొకళ్ళం ఏమీ కాము, కానీ ఎవరి పేషెంటు ఏ బెడ్డో అందరికీ నోటికొచ్చేసింది, లోపల్నుంచి సిస్టర్ వచ్చి ఒక పేరు పిలిస్తే ముప్పై తలకాయలూ లేచేవి. రెండో రోజు రాత్రి తెలీకుండానే కుర్చీలో ఒరిగిపోయా. ఏసీ మామూలుగా లేదు అక్కడ. తెల్లారుజామున మెలకువొచ్చి చూస్తే నా మీద దుప్పటి ఉంది, ఎదురుగా ఒక పెద్దాయన చేతులు చంకల్లో దోపుకుని ముడుచుకుని కూర్చున్నాడు. వాళ్ళావిడ లోపల వెంటిలేటర్ మీద ఉంది. దుప్పటి తిరిగి ఇవ్వబోతే "నాకెలాగూ నిద్ర రాదు, నువ్వన్నా పడుకో బాబూ" అన్నాడు. ఆ రోజు నుంచి బాబాయ్ అనే పిలిచా ఆయన్ని.

అయిదో రోజనుకుంటా, ఆయన ఫోన్లో ఏదో యుద్ధం వీడియో చూస్తున్నాడు. బిల్డింగ్ కూలింది, దుమ్ములోంచి జనం పరిగెడుతున్నారు, ఒక ముసలాయన ఎవర్నో భుజాన వేసుకుని పోతున్నాడు. బాబాయ్ చూసి చూసి, ఫ్యాన్ ఆపెయ్ అన్నంత మామూలుగా, "వీళ్ళ జాతి మొత్తాన్ని ఒకేసారి లేపేస్తే గానీ దరిద్రం వదలదు" అన్నాడు. అని ఫోన్ జేబులో పెట్టుకుని, నేను పొద్దున్నుంచి ఏమన్నా తిన్నానా లేదా అని అడిగాడు.

నాన్న ఇంటికొచ్చేశాడు, బాగానే ఉన్నాడు, నాకే నిద్ర పట్టట్లేదు. దుప్పటి కప్పినోడు నిజమా, లేపేయమన్నోడు నిజమా? ఆయనొక్కడి గురించి కాదు నేనడిగేది. పైగా ఇంట్లో పిల్లల గురించి మాట నడుస్తోంది. పెళ్ళై నాలుగేళ్ళైంది, తనేమో "ఇలాంటోళ్ళ మధ్యకి ఇంకో ప్రాణాన్ని తెచ్చి పడేయాలా" అంటుంది, నా దగ్గర సమాధానం లేదు. మనుషులు ఇలాగే ఉంటే ఇంకో వందేళ్ళు మిగులుతారంటారా? నీతులు వద్దండి, మీకు నిజంగా ఏమనిపిస్తే అది చెప్పండి.

లెక్కలపిచ్చి:

రెండూ ఆయనే బ్రో, రెండూ నిజమే. నాకైతే ఇందులో ఆశ్చర్యం కూడా ఏమీ లేదు.

మనిషికి ప్రేమ ఎంత దూరం పోతుందనేదే అసలు సంగతి. రాబిన్ డన్‌బార్ అని ఒకాయన 1992లో కోతుల మెదడు సైజుకీ వాటి గుంపు సైజుకీ ఉన్న లింకు పట్టుకుని, ఆ లెక్కన మనిషి మొహం గుర్తుంచుకుని నిజంగా సంబంధం నిలుపుకోగలిగేది సుమారు 150 మందితో అని తేల్చాడు. ఆ నంబర్ మీద బోలెడు గొడవలున్నాయి, అంత కచ్చితంగా చెప్పలేం అని తర్వాత వేరేవాళ్ళు లెక్కలేసి చూపించారు, సరే 150 కాకపోతే 300 అనుకో, 800 కోట్ల మందిలో అదెంత? నువ్వు ఆయనకి ఆరడుగుల దూరంలో చలికి వణుకుతూ కనపడ్డావు, వీడియోలో ముసలాయన అరచేతిలో అంగుళం బొమ్మ.

ఇంకోటి, ఆక్సిటోసిన్ అని అందరూ లవ్ హార్మోన్ అని మోసేస్తారు కదా, 2010లో డచ్ వాళ్ళు దాన్ని ముక్కులో స్ప్రే కొట్టి టెస్టులు చేస్తే తన గుంపు మీద ప్రేమ, నమ్మకం పెరిగాయి, దాంతోపాటే అవతలి గుంపు ముప్పు అనుకుంటే వాళ్ళని ముందే దెబ్బ కొట్టాలనే బుద్ధి కూడా పెరిగింది. ఈ ముక్కు స్ప్రే స్టడీల్లో చాలావాటిని మళ్ళీ చేస్తే అవే ఫలితాలు రాలేదు కాబట్టి వేదంలా పట్టుకోవద్దు, కానీ నువ్వు చూసింది మాత్రం అచ్చం అదే. ప్రేమ ఒక గది, పగ పక్క గది అని మనం అనుకుంటాం, నా లెక్కలో అది ఒకటే గది, తలుపు ఎటు తెరుచుకుంటే అటు.

రాళ్ళూరప్పలూ:

నాకు పాత ఎముకల పిచ్చి కాబట్టి అదే చెప్తా. 1957లో ఇరాక్‌లో షానిదార్ గుహలో ఒక నియాండర్తల్ (మనకి దగ్గరి చుట్టం లాంటి, ఇప్పుడు లేని మనిషి జాతి) అస్థిపంజరం దొరికింది. ఎప్పుడో మొహం ఎడమ పక్క గట్టి దెబ్బ తగిలి ఆ కన్ను దాదాపు పోయి ఉంటుంది, కుడి చెయ్యి మోచేతి కింద లేదు, కాలు కుంటి, చెవుల్లో ఎముక పెరిగి వినికిడి కూడా అంతంతే. అలాంటోడు నలభై ఏళ్ళ దాకా బతికాడు, ఆ కాలానికి అది ముసలితనమే, దెబ్బలన్నీ చావుకి చాలా ఏళ్ళ ముందే మానిపోయి ఉన్నాయి. వేటాడలేనోడు, జంతువొస్తే వినపడనోడు, ఎవరూ పట్టించుకోకుండా అన్నేళ్ళు ఎలా ఉంటాడు? సుమారు 45 వేల ఏళ్ళ కిందటి మాట. దుప్పటి కప్పడం మనతోనే మొదలవలేదు బ్రదర్.

చేదుమాత్ర:

బాగుందండీ, గుహలో కుంటోడిని సాకారు. అదే గుహలో ఇంకొకడి పక్కటెముక మీద ఏదో ఆయుధం దిగిన గాటు ఉంది, అది చెప్పరేం? షానిదార్ 3 అని కొట్టి చూసుకోండి.

నేను మీలా అందంగా రాయలేను. మొదటి ప్రపంచ యుద్ధంలో 1914 క్రిస్మస్‌కి బ్రిటిష్, జర్మన్ సైనికులు గోతుల్లోంచి బయటికొచ్చి చేతులు కలుపుకున్నారు, సిగరెట్లు పంచుకున్నారు, చచ్చినోళ్ళని పూడ్చుకున్నారు, దాన్ని తల్చుకుని వందేళ్ళ నుంచి అందరూ ఏడుస్తారు. తర్వాతేమైంది? యుద్ధం ఇంకో నాలుగేళ్ళు నడిచింది. వాళ్ళే మళ్ళీ కాల్చుకున్నారు. మంచితనం ఒక రాత్రికి సరిపోయింది అంతే.

ఇప్పుడు ప్రపంచంలో 12 వేల దాకా అణుబాంబులున్నాయి. 1983 సెప్టెంబర్ 26న సోవియట్ శాటిలైట్ అమెరికా నుంచి మిసైళ్ళు వస్తున్నాయని చూపించింది, ముందు ఒకటి, తర్వాత ఇంకో నాలుగు. డ్యూటీలో ఉన్న పెట్రోవ్ అనే ఆఫీసర్, అయిదు మిసైళ్ళతో ఎవడన్నా యుద్ధం మొదలెడతాడా, అందులోనూ ఈ సిస్టమ్ కొత్తది అని డౌటొచ్చి, పైవాళ్ళకి తప్పుడు అలారం అని చెప్పాడు. తర్వాత తేలిందేంటయ్యా అంటే మేఘాల మీద పడిన ఎండ మెరుపు. మేఘాల మీద ఎండ! మనం బతికున్నది ఆ రాత్రి ఆ కుర్చీలో డౌటొచ్చేవాడు కూర్చున్నందుకు. బాబాయ్ కూర్చుని ఉంటే?

నైట్‌డ్యూటీ:

ఐసీయూలోనే పనిచేస్తా, 14 ఏళ్ళైంది, ఆ హాలు నాకు బాగా తెలుసు. మీ బాబాయ్ లాంటోళ్ళు నెలకి నలుగురైదుగురు తగుల్తారు. ఒకటి చెప్పనా, పెళ్ళాం వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి ఎవరో ఒకరి మీద కోపం కావాలి. డాక్టర్ మీద చూపిస్తే లోపల ఆవిణ్ణి సరిగ్గా చూడరేమోనని భయం, దేవుడి మీద చూపించాలన్నా భయమే. ఫోన్లో ఉన్నోళ్ళయితే తిరిగి ఏమీ అనరు. తప్పు కాదనట్లేదు నేను, అది ఎక్కడినుంచి వస్తుందో చెప్తున్నా.

చేదుమాత్ర గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే గానీ మశూచి సంగతి వదిలేశారు. 20వ శతాబ్దంలోనే ఓ 30 కోట్ల మందిని చంపిందని అంచనా, అంటే యుద్ధాల కంటే ఎక్కువే. దాన్ని భూమ్మీద లేకుండా చేద్దామని 1958లో ప్రపోజల్ పెట్టింది ఎవరో తెలుసా, సోవియట్ వాళ్ళు. కోట్ల డోసులు ఊరికే ఇచ్చారు. 1967 నుంచి గట్టిగా నడిపించింది ఒక అమెరికన్ డాక్టర్. ఒకళ్ళ మీద ఒకళ్ళు మిసైళ్ళు గురిపెట్టుకుని కూర్చున్న రోజులండీ అవి, పైన మీరు చెప్పిన ఆ మిసైళ్ళే! ఒకళ్ళంటే ఒకళ్ళకి ప్రేమేం లేదు. అయినా కలిసి చేశారు, 1980లో పూర్తిగా పోయిందని ప్రకటించారు.

అందులో నాకు బాగా నచ్చేది మశూచి సహజంగా సోకిన చివరి పేషెంటు కథ. 1977, సోమాలియాలో మర్కా అనే ఊరు, అలీ మావో మాలిన్ అని ఆస్పత్రిలో వంట చేసే కుర్రాడు. ఆస్పత్రిలోనే పనిచేస్తూ కూడా సూది నొప్పని టీకా తప్పించుకున్నాడు (మా స్టాఫ్‌లోనూ ఉన్నారులెండి ఇలాంటోళ్ళు). ఒకరోజు మశూచి వచ్చిన పిల్లల్ని తీసుకెళ్ళే బండికి దారి చూపించమంటే ఎక్కాడు, కాసేపే, అంతే, అంటుకుంది. బతికాడు. పెద్దయ్యాక పోలియో టీకాల పనిలో చేరి, టీకా వద్దనే తల్లిదండ్రుల దగ్గర కూర్చుని తన కథే చెప్పేవాడు, 2013లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు.

నిద్రపట్టనోడు గారూ, మనుషులు మిగలాలంటే అందరూ అందర్నీ ప్రేమించాల్సిన పనిలేదనిపిస్తుంది నాకు. ప్రేమ లేని చోట కూడా ఆగకుండా నడిచే పద్ధతులు కావాలి. నాకు నచ్చని పేషెంటుకి కూడా రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెడతా, ఛార్టులో రాసుంది కాబట్టి.

లెక్కలపిచ్చి:

^ ఈ ఛార్టు పాయింటుకి దండం అక్కా. ఓజోన్ పొరకి కూడా ఇదే కదా జరిగింది, 1987లో ఆ పొరని తినేసే గ్యాసులు తగ్గిద్దామని మాంట్రియల్‌లో దేశాలు సంతకాలు పెట్టాయి, ఇప్పుడు చిల్లు మెల్లగా పూడుతోంది. ఎవరూ ఎవర్నీ కౌగిలించుకోలేదు అక్కడ.

చేదుమాత్ర:

ఓజోన్‌కి వేరే గ్యాసు దొరికింది కాబట్టి కుదిరింది. బొగ్గూ పెట్రోలూ అంత ఈజీ కాదు, చూద్దాం. మశూచి మాత్రం ఒప్పుకుంటా. షానిదార్ 3 మీద ఎవరూ మాట్లాడట్లేదు, గమనిస్తున్నా.

ఇద్దరుపిల్లలతల్లి:

పిల్లల సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేనే చెప్తా. తమ్ముడూ, లోకం బాగుపడ్డాక కందాం అనుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, మన ముత్తవ్వలు రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కన్నారు. అలా అని కనమని చెప్పట్లేదు. వద్దనుకుంటే వద్దు, ఈ మధ్య చాలా దేశాల్లో వద్దనే అనుకుంటున్నారు, దక్షిణ కొరియాలో 2023లో సగటున ఒక ఆడదానికి 0.72 పిల్లలే, ఆకాశం ఏం ఊడిపడలేదు ఇంకా. కానీ వద్దనడానికి ఐసీయూ బాబాయ్‌ని కారణంగా చూపించొద్దు, అది మీ ఆవిడ ఒళ్ళు, మీ ఇద్దరి ఓపిక.

నా పెద్దోడికి మూడేళ్ళప్పుడు చీమల మీద నీళ్ళు పోసి చంపుతుంటే చూసి భయమేసింది, వీడేంటి ఇలా అని. పది నిమిషాల తర్వాత అందులో ఒక చీమని ఆకు మీద ఎక్కించుకుని "దీనికి జొరం" అంటూ నా దగ్గరికి తెచ్చాడు. ఏం చెయ్యమంటారు? ఆ చీమని చూసుకుంటూ సాయంత్రం దాకా కూర్చున్నాం.

నిద్రపట్టనోడు:

అందరికీ థాంక్స్, రాత్రంతా కూర్చుని చదివా. మొదటి పోస్టులో ఒకటి రాయలేదు, రాయడానికి మొహం చెల్లలేదు, ఇప్పుడు చెప్తున్నా. బాబాయ్ ఆ మాట అన్నప్పుడు నేనూ తలూపా. ఊరికే కాదు, "అవును బాబాయ్" అని కూడా అన్నా. ఆ దుప్పటి అప్పుడు నా ఒళ్ళోనే ఉంది. మొహమాటం అనుకున్నా చాలా రోజులు, కాదేమో, ఆ క్షణంలో నిజంగానే ఆయన పక్షాన ఉన్నట్టు, వెచ్చగా, బాగానే అనిపించింది. నాకు నిద్ర పట్టనిది ఆయన మాటకి కాదు.

నాన్నని డిశ్చార్జ్ చేసిన పొద్దున ఆయన కుర్చీలో వేరేవాళ్ళున్నారు. సిస్టర్‌ని అడిగితే తెల్లారుజామునే తీసుకెళ్ళిపోయారు అంది, ఎలా తీసుకెళ్ళారో అడగలేకపోయా. ఆయన నంబర్ కూడా లేదు, పేరు కూడా సరిగ్గా తెలీదు, బాబాయే. దుప్పటి మా బీరువాలో ఉంది, నీలం గళ్ళది, ఒక మూల బీడీ కాలిన చిల్లుంది. ఇది ఎవరిదని మా ఆవిడ మొన్న అడిగింది, తర్వాత చెప్తాలే అన్నా. ఇవాళ ఈ థ్రెడ్ మొత్తం చూపిద్దామనుకుంటున్నా.

చేదుమాత్ర:

చూపించు. నావి రెండూ దాటేసి చూపించు.