కవలల్లో చిన్న పాప బరువు గురించి బెంగగా ఉంది

గుంటూరు అమ్మ:
మా కవలలు 35 వారాలకే పుట్టారు. పెద్దది 2.2 కిలోలు, చిన్నది 1.7. ఇప్పుడు మూడు నెలలు. పెద్దది ఒళ్లు చేసింది. చిన్నది రొమ్ము పట్టిన కాసేపటికే అలసి నిద్రపోతుంది. చూడవచ్చిన వారంతా ‘నీ పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టు’ అంటుంటే ఏడుపొస్తోంది. ఎవరైనా ఇది దాటి వచ్చారా?

ఖమ్మం కవలల తల్లి:
నెలలు నిండకుండా పుట్టారు కదండీ, 40 వారాలకు తక్కువైన ఆ అయిదు వారాలు తీసేసి వయసు లెక్కపెట్టండి. మీ పాపకు రెండు నెలలే. మా పిల్లలకు రెండేళ్లు నిండే దాకా డాక్టరు అలాగే చూశారు. అక్క పక్కన పడుకోబెట్టి పోల్చకండి.

మా చిన్నవాడూ ఇలాగే అలసిపోయేవాడు. మిగతా పాలు పిండి ఉగ్గు గిన్నెతో పట్టేదాన్ని. తల కాస్త ఎత్తుగా ఒడిలో పెట్టుకుని, గిన్నె ముక్కు పెదవి మూలకు ఆనించి, గుటక వేశాకే మళ్లీ వంచాలి. తొందరపడితే పొలమారుతుంది.

విశాఖ నర్సు:
గత నెల బరువెంతమ్మా?

గుంటూరు అమ్మ:
అంగన్‌వాడీలో తూచారు. అప్పుడు 2.9, ఇప్పుడు 3.6.

విశాఖ నర్సు:
నెలకు 700 గ్రాములంటే రోజుకు సుమారు 23. ఈ వయసుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే మంచిదే. ఎదుగుదల చార్టులో పాప తన గీత మీద తాను పైకే వెళుతోంది. ఇనుము చుక్కలు మాత్రం డాక్టరును అడగండి. బిడ్డ ఒంట్లో ఇనుము ఎక్కువగా చేరేది గర్భంలో చివరి మూడు నెలల్లోనే, ముందే పుట్టినవారికి ఆ నిల్వ తక్కువ. పాలు తాగడం మానేసినా, మూత్రం తగ్గినా, ఒళ్లు చల్లబడినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

శ్రీకాకుళం అమ్మమ్మ:
తేనె, వస, ఆముదం ఎవరు చెప్పినా నాకించవద్దు తల్లీ. నువ్వేం తింటున్నావో ఎవరూ అడగలేదే! పథ్యం పేరుతో బాలింతకు కూరలు, నీళ్లు తగ్గించడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఇద్దరికి పాలిచ్చే తల్లికి అది అన్యాయం. పప్పు, ఆకుకూర, గుడ్డు కడుపునిండా తిను.

గుంటూరు అమ్మ:
కారప్పొడి అన్నమే పెడుతున్నారండీ. ఇది అత్తయ్యకు చదివి వినిపిస్తాను. అక్కా, ఉగ్గు గిన్నె వెండిదే కావాలా?

ఖమ్మం కవలల తల్లి:
మాది స్టీలుదే. అంచు నునుపుగా ఉంటే చాలు. వాడిన ప్రతిసారీ కడిగి, నీళ్లలో మరిగించండి.